పుట్టింటి పెట్టెలో ఏడో గడి

డీప్ ఫ్రీజరు తలుపు తెరిచి, చలిపొగలోంచి పెట్టెలమ్మ నీలం పెట్టెను బయటికి తీసిన దగ్గర పోయినవారం ఆగాం. ఆవిడ వెనక థర్మాకోల్ డబ్బా పట్టుకుని నిలబడిన అమ్మాయిని ల్యాబులో అందరూ అతిథి అంటున్నారు. సముద్రం అవతలి ల్యాబు నుంచి రెండు విమానాలు మారి వచ్చింది. వరసగా వచ్చిన మూడు సెలవుల్లో వాళ్ళ ఫ్రీజరు ఆగిపోయి, పదిహేనేళ్ళ పని నీళ్ళయింది. పోయినవాటిలో, వాళ్ళ గురువుగారు కిందటేడు కన్నుమూస్తూ వదిలివెళ్ళిన ట్యూబు ఒకటి. దాని జోడు ఈ భూమ్మీద ఇంకొక్కటే మిగిలింది. అది ఇక్కడ, నీలం పెట్టెలో, ఏడో గడిలో ఉంది. ఉందని అతిథి నమ్మకం. ఉందని ఈ ల్యాబు నడిపే సారు మాట. ఉన్నది ఏమిటో మాత్రం పెట్టెలమ్మ ఒక్కదానికే తెలుసు.

ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. సారూ, అవతలి గురువుగారూ కుర్రతనంలో ఒకే బల్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు. ఎవరి దేశానికి వాళ్ళు విడిపోయేటప్పుడు ఒక మాట అనుకున్నారు. నీ దగ్గర ప్రాణప్రదమైనది ఏది తయారైనా నాకొక ట్యూబు పంపు, నాదీ నీకు పంపుతాను. ఎవరూ మూత తియ్యకూడదు, వాడుకోకూడదు. ఒకరి ఇల్లు కాలితే రెండోవాళ్ళ ఇంట్లో విత్తనం మిగలాలి. కాగితాల మీద దానికి పొడుగాటి పేరే ఉంది. పాతికేళ్ళుగా ఈ ల్యాబులో ఫ్రీజర్లకి కాపలా ఉన్న పెట్టెలమ్మ మాత్రం పుట్టింటి పెట్టె అని పేరు పెట్టింది. ఎంత మంచి ఇంట్లో పడ్డా ఆడపిల్లకి పుట్టింట్లో ఒక మూల ఉండొద్దా అనేది. సారు నవ్వేవారు. తర్వాత్తర్వాత ఆయనా అదే పేరు వాడటం మొదలుపెట్టారు.

ఏడో గడిలోని ట్యూబులో ఉన్నది బాక్టీరియా. ఒక కుటుంబంలో నలుగురు పిల్లలకి నడక పోగొట్టిన జన్యువును గురువుగారు పన్నెండేళ్ళు తిప్పలుపడి పట్టుకుని, చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో పొదిగి, ఆ బాక్టీరియా పొట్టలో దాచారు. ఆ జన్యువులో ఒకే ముక్క వందలసార్లు తిరిగి తిరిగి వస్తుంది. చదివే యంత్రాలు అక్కడ లెక్క తప్పుతాయి. కొత్తగా తయారుచేసి ఇస్తామన్నవాళ్ళు రెండుసార్లు చేసి చేతులెత్తేశారు. ఆ నలుగురు పిల్లల్లో ముగ్గురు ఇప్పుడు లేరు. నాలుగో పాప నుంచి మళ్ళీ రక్తం తియ్యడానికి తల్లి ఒప్పుకోలేదు. ఆవిడని ఎవరూ తప్పు పట్టలేదు.

ట్యూబులే కాదు, ఈ రెండు ల్యాబుల మధ్య మనుషులు కూడా వెళ్ళి వస్తుంటారు. పెట్టెలమ్మ అక్క కూతురు ఆరువారాల కిందట అలాగే పని నేర్చుకోవడానికి అవతలికి వెళ్ళింది. ఒకచోట నిలవదని చిన్నప్పటినుంచీ ఆ పిల్లని తూనీగ అంటారు. విమానాశ్రయంలో అద్దాల తలుపు దాటాక తూనీగ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వెళ్ళేవాళ్ళు తిరిగి చూస్తే ఒక బాధ, చూడకపోతే ఇంకో బాధ. పిన్ని మీద పిల్లకి ఏం కోపం వచ్చిందా అని పెట్టెలమ్మ ఈ ఆరువారాలూ తవ్వుకుంటూనే ఉంది.

ఇప్పుడు ఆ గడిలోంచి ట్యూబు తీసి అతిథి చేతికిచ్చింది. అతిథి బొటనవేలితో మంచు తుడిచింది. చీటీ మీది అక్షరాలు బయటపడ్డాయి. గుండ్రంగా, ముత్యాల్లా ఉన్నాయి. ఫ్రీజర్లో ఉన్న నూట ఎనభై పెట్టెల మీదా అవే అక్షరాలు.

ఆ అమ్మాయి ఆ దేశంలో పుట్టినా అమ్మమ్మ చేతుల మీద పెరగడంతో మన మాట బాగానే వచ్చు. ట్యూబు వంక కాసేపు చూసి, "ఇది మా గురువుగారి రాత కాదు కదమ్మా" అంది.

ఈ ప్రశ్నకి జవాబు పెట్టెలమ్మ దగ్గర నాలుగేళ్ళుగా సిద్ధంగా ఉంది. పాత చీటీ చలికి ఊడిపోయింది తల్లీ, నేనే మళ్ళీ రాశాను. ఎన్నిసార్లు నెమరేసుకుందో. బస్సులో అనుకుంది, అంట్లు తోముతూ అనుకుంది. మంచి అబద్ధం. చీటీలు నిజంగానే ఊడతాయి, ఎవరూ ఆరా తీయరు. నోరు తెరిచింది. ఎదురుగా అమ్మాయి మొహంలో అనుమానం లేదు. రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు, అంతే.

"ముందు దాన్ని లోపల పెట్టు. కరిగిపోతుంది. పెట్టి నాతో రా" అంది పెట్టెలమ్మ.

సీసాలు కడిగే గదిలోకి తీసుకువెళ్ళింది. అక్కడ ఆవిరితో సీసాలు ఉడికించే ఆటోక్లేవు బుసకొడుతూ ఉంటుంది, మాట బయటికి పోదు. బోర్లించిన సీసాల బల్ల పక్కన రెండు స్టూళ్ళు లాగి, ఒకదాని మీద ఆ అమ్మాయిని కూచోబెట్టి, రెండోదాని మీద తాను కూచోకుండా నిలబడే చెప్పింది.

నాలుగేళ్ళ కిందట ఫ్రీజరు గోడలకి పట్టిన మంచు గీకే రోజు అది. ఏటా ఒకసారి పెట్టెలన్నీ డ్రై ఐస్‌లోకి మార్చి, చెక్క గరిటెతో మంచు గీకాలి. ఇద్దరు చేసే పని, ఆ రోజు ఆవిడ ఒక్కతే చేసింది. నీలం పెట్టె చేతిలోంచి జారింది. తొమ్మిది ట్యూబుల్లో ఎనిమిది నిక్షేపంగా ఉన్నాయి. ఏడోదాని మూత విడిపోయి, పక్కన నిలువునా బీట వచ్చింది. ఏరి అరచేతిలో పెట్టుకునేసరికే లోపల గడ్డ అంచులు కరుగుతున్నాయి. ఒకసారి కరిగినదాన్ని అలాగే మళ్ళీ గడ్డకట్టిస్తే ప్రాణం నిలవదు. ఉన్న నాలుగు చుక్కలూ పిపెట్‌తో పీల్చి, పోషక ద్రవంలో వేసి పెంచి, కొత్త ట్యూబులోకి ఎత్తడం ఒక్కటే దారి. ఆ మాత్రం పని ఆవిడకి కళ్ళు మూసుకున్నా వచ్చు.

కాకపోతే ద్రవంలో యాంటీబయాటిక్ మందు కలపాలి. ఆ ఉంగరం మోయడం బాక్టీరియాకి బరువు. ఉంగరం లేనివాటిని మందు చంపేస్తుంది, అందుకని బతకాలనుకున్నది మోస్తుంది. మందు లేకపోతే మోసేవాళ్ళకంటే దించేసినవాళ్ళే త్వరత్వరగా పెరుగుతారు. మందు సీసా సారు గదిలో, బీరువాలో. తాళంచెవి సారు దగ్గర. తీసుకుంటే రిజిస్టరులో రాయాలి, ఏ ట్యూబు కోసమో.

"తలుపు దాకా వెళ్ళాను. సారు ఫోన్లో ఉన్నారు, పడీపడీ నవ్వుతున్నారు. అటువైపు మీ గురువుగారే. ఆయన ట్యూబు నా చేతిలో పగిలిందని ఆ నవ్వు మధ్యలో ఎలా చెప్పను? వెనక్కి వచ్చేశాను. మందు లేకుండానే పెంచాను. ఒక్క రాత్రిలో ఏం మరిచిపోతాయిలే అనుకున్నాను."

అతిథి స్టూలు దగ్గరికి జరుపుకుంది. "ఎన్ని గంటలు పెంచారు?" అని అడిగింది.

"పధ్నాలుగు."

ఆ అమ్మాయి వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది. పాతిక తరాలు. తాత మోసినదాన్ని పాతికో తరం మనవడు మోస్తాడా? ఇద్దరికీ తెలిసిన జవాబే, ఇద్దరూ పైకి అనలేదు. పరీక్షించి చూడటం ఒక్కటే మిగిలింది. ట్యూబులోంచి గీకి, బాక్టీరియా పెరిగే రెండు ప్లేట్ల మీద పరవాలి. ఒకటి మామూలుది, ఒకటి మందు కలిపింది. మందు ప్లేటు మీద ఒక్క చుక్క మొలిచినా గురువుగారి పని బతికి ఉన్నట్టే. ఆ ఒక్క చుక్క చాలు.

తాళంచెవి అడగడానికి అతిథి లేచింది. పెట్టెలమ్మ ఆ అమ్మాయి భుజం పట్టి కూచోబెట్టి, తనే వెళ్ళింది.

సారు గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆయన ఏదో చదువుతున్నారు. మందు కావాలంది. ఆయన తల ఎత్తకుండానే సొరుగులోంచి తాళంచెవి తీసి, రిజిస్టరు ఇటు తోశారు. ఎందుకు అన్న గడి దగ్గర ఆవిడ కలం కాసేపు ఆగింది. తర్వాత రాసింది. నీలం పెట్టె, ఏడో గడి. నాలుగేళ్ళ కిందట పగిలింది. ఆ రోజు రాయవలసింది, ఈ రోజు రాస్తున్నాను.

రాసి ఆయన వైపు తిప్పి పెట్టింది. సారు చదివి కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. అడగవలసినవన్నీ అడిగారు, ఆవిడ చెప్పినవన్నీ విన్నారు. కేకలేస్తారనుకుంది. పాతికేళ్ళలో ఆవిడ మీద గొంతు పెంచని మనిషి, ఇవాళ పెంచినా తప్పులేదనుకుంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూచున్నారు.

"ఆ రోజు నువ్వు తలుపు దగ్గర నిలబడటం నేను చూశాను" అన్నారు. "సెలవు అడగడానికి వచ్చావనుకున్నాను. ఇస్తే పని ఆగిపోతుంది, ఇవ్వననడానికి నోరు రాదు. నువ్వు విసిగి వెళ్ళిపోయేదాకా వాడితో మాట పొడిగించాను. ఆ మాత్రం దానికి అంత పెద్దగా నవ్వాల్సిన పని కూడా లేదు."

పెట్టెలమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టి ఉంటే తట్టుకునేది. తాళంచెవి తీసుకుని వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూచుని రెండు ప్లేట్ల మీదా పరిచారు. అతిథి కళ్ళు మూతలు పడుతూంటే పెట్టెలమ్మ పరిచే తీగ లూపు తీసుకుంది. పెట్టెలమ్మ కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు అతిథి తీసుకుంది. ఎవరు ఏది పరిచారో ఆఖరికి ఇద్దరికీ గుర్తులేదు.

మర్నాడు పొద్దున్న ఊడ్చేవాళ్ళు ఇంకా రాకముందే ఇద్దరూ వచ్చి, ప్లేట్లు వెచ్చగా ఉంచిన ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డారు. నువ్వు తియ్యంటే నువ్వు తియ్యని కాసేపు వంతులాడి, చివరికి పెట్టెలమ్మే తీసింది. మామూలు ప్లేటు మీద అడుగు కనపడనంత ఒత్తుగా మొలిచాయి. కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయిన పిల్లల్లా ఉన్నాయి. మందు ప్లేటుని అతిథి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. అద్దంలా ఉంది. ఏటవాలుగా తిప్పి చూసింది, భూతద్దం పెట్టి చూసింది. అంచు దగ్గర ఒకచోట తెల్లగా ఏదో కనిపిస్తే ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. గాలిబుడగ.

కూచున్నారు. ఆ అమ్మాయి తిరుగు విమానం మర్నాడే. ఖాళీ డబ్బాతో ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? ఈ మాట పెట్టెలమ్మ పైకే అనేసింది. నా మూలంగా, అంది. నువ్వు అక్కడ నా పేరే చెప్పు, ఏమీ దాచకు, అంది.

అతిథి తల అడ్డంగా ఊపింది. "మా ఫ్రీజరుకి అలారం ఉందమ్మా. నెల రోజులుగా ఊరికే మోగేది. తలుపు తీసినా మోగేది, వేసినా మోగేది. పని సాగనిచ్చేది కాదు. దాని నోటికి టేపు అంటించింది నేనే. అక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు."

పెట్టెలమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఏ టేపు?" అంది.

"సీసాల మీద పేర్లు రాసే తెల్ల టేపు."

"అది చలికి ఊడిపోతుందే."

"ఊడలేదమ్మా."

"ఊడాల్సినప్పుడు ఒక్కటీ ఊడి చావదు" అంది పెట్టెలమ్మ. అంతే, ఇద్దరికీ నవ్వు తోసుకువచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వుతున్నామని తెలిసీ ఆపుకోలేకపోయారు. ఊడ్చే మనిషి చీపురుతో తలుపు దాకా వచ్చి, ఆ వాలకం చూసి, మళ్ళీ వస్తానంటూ వెళ్ళిపోయింది.

నవ్వు తగ్గాక అతిథి కళ్ళు తుడుచుకుంటూ మాటవరసకి అడిగినట్టు అడిగింది. పగిలిన ట్యూబుని అప్పుడు ఆటోక్లేవులో వేసేశారా అని.

పెట్టెలమ్మ తల దించుకుంది. వెయ్యాలి. ల్యాబులో పుట్టిన చెత్త ఏదైనా ఉడికించకుండా గడప దాటకూడదు, ఆ రూలు అందరికీ నేర్పేది ఆవిడే. కానీ ఆ చీటీ మీద గురువుగారి చేతిరాత ఉంది. ఎవరో నమ్మి అప్పగించినదాన్ని చెత్తలో ఎలా వెయ్యడం? అందుకని లోపలా బయటా స్పిరిట్ పోసి, ఆరబెట్టి, అల్యూమినియం కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకుపోయి, గుండీల డబ్బాలో దాచుకుంది.

అతిథి స్టూలు మీంచి లేచింది. "లోపల కూడా పోశారా?"

"చావాలి కదా, తల్లీ. నిండా పోశాను."

"తర్వాత నీళ్ళతో కడిగారా?"

"లేదు. ఒంపేసి ఆరబెట్టాను."

ఆ అమ్మాయి రెండు చేతులతో పెట్టెలమ్మ చేతులు పట్టుకుంది. స్పిరిట్ బాక్టీరియాని చంపుతుంది, నిజమే. లోపలి డీఎన్‌ఏని ఏమీ చెయ్యదు. పైగా గోడకి అంటిపెట్టి ఉంచుతుంది. ఆరిపోయిన డీఎన్‌ఏ ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంటుంది. ఉంగరం ఆ ట్యూబు గోడనే ఉండాలి. తడిపి, తీసి, కొత్త బాక్టీరియాలోకి ఎక్కిస్తే చాలు. పాతికేళ్ళుగా ఆ పనికి సీసాలు అందిస్తున్న పెట్టెలమ్మకి ఇది తెలియనిది కాదు. కానీ దాచుకున్నది తప్పు అనుకున్నాక దాన్ని మళ్ళీ ఎవరు తలుచుకుంటారు?

సారుకి చెప్పి ఇద్దరూ బస్సెక్కారు. పొద్దుటి జనం దిగిపోయారు, సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళారు. పెట్టెలమ్మ ఉండేది మందుల దుకాణం పైన రెండు గదుల వాటాలో, భర్త పోయిన అక్కతో కలిసి. అక్క కుట్టు మిషను దగ్గర కూచుని పాత దుప్పటి అంచు కుడుతోంది. వేళ కాని వేళ వచ్చిన చెల్లెల్ని చూసి, ఉద్యోగం ఊడిందా అని అడిగింది. ఇంకా లేదంది పెట్టెలమ్మ. వెనక వచ్చిన అమ్మాయిని చూసి అక్క సర్దుకుని, టీ పెడతానంటూ లేవబోయింది. ముందు గుండీల డబ్బా ఎక్కడుందో చెప్పమంది చెల్లెలు.

డబ్బా మిషను సొరుగులోనే ఉంది. మంచం మీద బోర్లించింది. గుండీలు, హుక్కులు, విరిగిన సూదులు, ఒంటి చెవిపోగు, గొలుసు లేని తాళం. వేళ్ళతో ఇటూ అటూ జరిపింది. మళ్ళీ జరిపింది.

"ఏమిటే వెతుకుతున్నావ్, వెండి కాయితంలో చుట్టిన పొట్లమా?" అంది అక్క వంటగదిలోంచి. "అది నీ కూతురు పట్టుకుపోయిందిగా."

కన్నది అక్క అయినా, ఏ వంకర పని చేసినా తూనీగ ఆ ఇంట్లో పెట్టెలమ్మ కూతురే. పెట్టెలమ్మ గుండీలు వదిలేసి అక్క వైపు తిరిగింది. ఎప్పుడని అడిగింది. వెళ్ళే ముందురోజు, చొక్కాకి గుండీ కుట్టుకోవాలని డబ్బా తీసిందనీ, ఆ పొట్లం విప్పి చీటీ చదివి, అరగంట కిటికీ దగ్గర అలాగే కూచుందనీ అక్క చెప్పింది. అదేమిటే అంటే పిన్నిది, నా దగ్గర ఉండటమే మంచిది అందట. నువ్వే ఇచ్చావనుకున్నానే, అంది.

విమానాశ్రయంలో పిల్ల ఎందుకు వెనక్కి తిరగలేదో పెట్టెలమ్మకి ఇప్పుడు తెలిసింది. అది కోపం కాదు. చూస్తే అడగాల్సి వస్తుందని.

అతిథి గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. తూనీగా తానూ అక్కడ ఒకే బల్ల దగ్గర పనిచేస్తామని నెమ్మదిగా చెప్పింది. ఫ్రీజరు పోయిన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ పిల్లే. అప్పటినుంచీ అందరికంటే ముందు వస్తోంది, ఎవరైనా పక్కనుంచి వెళ్తే తన ప్లేట్ల మీద కాగితం కప్పేస్తోంది. ఏం చేస్తున్నావని అడిగితే నేర్చుకుంటున్నానంటుంది.

అక్కడ ఇప్పుడు పనివేళే. పెట్టెలమ్మ ఫోను తీసి, అతిథికి కూడా వినపడేలా స్పీకరు పెట్టి, తూనీగకి కలిపింది. చాలాసేపు మోగింది. ఎత్తింది. వెనక ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు.

"పిన్నీ, ఏడో గడి తెరిచారా?" అంది తూనీగ.

తెరిచామంది పెట్టెలమ్మ.

"ఇక్కడి ల్యాబు నుంచి వచ్చిన అక్క నీ పక్కనే ఉందా? ఉంటే స్పీకరు తీసెయ్. నేను చెప్పేది ముందు నువ్వొక్కదానివే వినాలి."

పెట్టెలమ్మ వేలు ఫోను దాకా వెళ్ళింది. అతిథి అర్థం చేసుకుని మెట్ల వైపు అడుగు వేసింది. ఆ అమ్మాయి కొంగలాంటి సన్నటి మెడ, భుజాన ఖాళీ డబ్బా, వెళ్ళిపోతున్న వీపు. పెట్టెలమ్మ చెయ్యి చాచి ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగి మంచం మీద కూచోబెట్టింది.

"ఉంది. వింటోంది. నాలుగేళ్ళు ఒక్కదాన్నే మోశాను, ఇంక నా వల్ల కాదు. చెప్పు" అంది.

అవతల యంత్రం చప్పుడు ఆగిపోయింది. తలుపు వేసిన శబ్దం, గడియ పెట్టిన శబ్దం వినిపించాయి.

"అయితే అమ్మని కూడా పిలు పిన్నీ" అంది తూనీగ. "ముగ్గురూ కూచునే వినండి."